గర్భిణికి షుగర్ ఉందని తేలితే ఏం చేయాలి?

ఎప్పుడూ షుగర్ లేనివాళ్లకూ గర్భంతో ఉన్నప్పుడు రావచ్చు. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు, పరీక్షలోనే తెలుస్తుంది. అదుపులో లేకపోతే బిడ్డ బరువు మరీ పెరిగి కాన్పు కష్టమవుతుంది. పుట్టిన వెంటనే బిడ్డకు షుగర్ పడిపోవచ్చు.

పరీక్ష ఎప్పుడు?
మొదటిసారి చూపించుకున్నప్పుడు, మళ్లీ 24–28 వారాల మధ్య. పరగడుపున రానక్కర్లేదు. 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగాలి. 2 గంటల తర్వాత రక్తం చూస్తారు. 140, ఆపైన ఉంటే షుగర్ ఉన్నట్టు. తాగిన అరగంటలోపు వాంతి అయితే చెప్పండి, మరో రోజు చేస్తారు.

ఏం తినాలి?
"కడుపుతో ఉన్నావు, ఇద్దరి తిండి తినాలి" అని పెద్దవాళ్లు అంటారు. అన్నం రెట్టింపు చేయడం కాదు. అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, ఆకుకూర పెంచండి. మూడు పూటలా తిని, మధ్యలో మజ్జిగ, ఉడికించిన శనగలు లాంటివి తీసుకోండి. పూట మానేయొద్దు. రాగిజావ కొలతగా, బెల్లం లేకుండా తాగండి. అంగన్‌వాడీలో ఇచ్చిన బెల్లం, చిక్కీ, ఖర్జూరం ఇంట్లో మిగతావాళ్లకు పెట్టండి. పాలు, గుడ్లు మాత్రం మీరే తీసుకోండి. డాక్టర్ సరేనంటే రోజూ అరగంట నడవండి.

ఎంత ఉండాలి?
పరగడుపున 95 లోపు, తిన్న 2 గంటలకు 120 లోపు. రెండు వారాలు తిండి మార్చినా తగ్గకపోతే డాక్టర్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ ఇస్తారు.

ఇన్సులిన్ అంటే భయమా?
అది మాయ దాటి బిడ్డకు చేరదు. జీవితాంతం వేసుకోవాలన్న మాట కూడా నిజం కాదు, చాలామందికి కాన్పు కాగానే ఆపేస్తారు. ఎవరో చెప్పారని మధ్యలో మానేయొద్దు. వణుకు, చెమట, కళ్లు తిరగడం ఉంటే వెంటనే గ్లాసు నీళ్లలో 3 చెంచాల గ్లూకోజ్ కలిపి తాగండి. తర్వాత ఏమైనా తిని, డాక్టర్‌కు చెప్పండి.

ఖర్చు ఎంత?
జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణులకు పరీక్షలు, మందులు ఉచితం. ప్రతి నెలా 9వ తేదీన డాక్టర్ ప్రత్యేకంగా చూస్తారు. తల్లీబిడ్డల కార్డు వెంట తీసుకెళ్లండి. తేదీ, రవాణా వివరాలు ఆశా కార్యకర్తను అడగండి.

కాన్పు తర్వాత?
6 వారాలకు మళ్లీ షుగర్ పరీక్ష చేయించుకోండి. గర్భంలో వచ్చి తగ్గినవాళ్లకు తర్వాత మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. బిడ్డకు టీకా వేయించడానికి వెళ్లిన రోజే మీ రక్తం కూడా చూపించుకోండి.