కనిపించని లీకే అసలు ముప్పు

పాత బుల్లెట్ కింద ఆయిల్ కారడం లేదంటే అందులో ఆయిల్ అయిపోయిందని అర్థం! మోటార్‌సైకిల్ ప్రియులు చెప్పుకునే పాత జోకు ఇది. అందుకే నేల మీద నల్లటి మరక కనిపించినా చాలామంది పట్టించుకోరు. నిజానికి ఇంజన్‌ ప్రాణం తీసే లీకు మరక పెట్టదు.

1950ల్లో మద్రాసులో తయారీ మొదలైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ క్యాస్ట్ ఐరన్ ఇంజన్‌లో రెండు ఆయిల్ పంపులుంటాయి. ఒకటి ఫిల్టర్ మీదుగా, క్రాంక్ చివరి నుంచి బిగ్ ఎండ్ బేరింగ్‌కు ఆయిల్ పంపుతుంది. రెండోది అడుగున చేరిన ఆయిల్‌ను తోడి రాకర్లకు ఎక్కిస్తుంది. టైమింగ్ కవర్‌కూ, గిరగిరా తిరిగే క్రాంక్‌కూ మధ్య ఆయిల్ పక్కదారి పట్టకుండా ఆపేది ఓ చిన్న కార్క్ సీలు. అది ఎండినా, చిరిగినా ఆయిల్ బిగ్ ఎండ్ చేరకుండా టైమింగ్ గదిలోకి జారిపోతుంది. బయట చుక్క పడదు. పైన రాకర్లకు ఆయిల్ అందుతూనే ఉంటుంది కాబట్టి అనుమానమూ రాదు. కొట్టుడు శబ్దం వినిపించేసరికి బేరింగ్ అరిగిపోయి, ఇంజన్ మొత్తం విప్పాల్సి వస్తుంది.

విరుగుడు చవకే. టైమింగ్ కవర్ విప్పిన ప్రతిసారీ, పాత సీలు బాగున్నట్టు కనిపించినా, ఆయిల్‌లో నానబెట్టిన కొత్తది వేయాలి. కవర్ అంచులకు గమ్ము దట్టంగా పూయకూడదు. లోపలికి పొంగిన ముక్క ఆయిల్ దారిని మూసేయగలదు.

2000ల చివర్లో కొత్త ఇంజన్ వచ్చినా పాత బుల్లెట్లు చేతులు మారుతూనే ఉన్నాయి. కొనేవారు మైలేజీతోపాటు మరొకటి కూడా అడగాలి: కవర్ చివరిసారి విప్పినప్పుడు సీలు మార్చారా?