చెరకు ఆకుతో చమురుకు అడ్డుకట్ట



2020వ సంవత్సరం జూలై 25వ తేదీన వకాషియో అనే పెద్ద ఓడ మన మారిషస్ ఆగ్నేయ తీరంలో, ప్వాంత్ దెస్నీ ఎదుట, పగడపు దిబ్బపైకి ఎక్కి నిలిచిపోయింది. ఓడలో సరుకు లేదు. కాని అది నడవడానికి కావలసిన ఇంధనమే దాదాపు 4,000 టన్నులు ఉంది. పన్నెండు రోజులు అలల తాకిడికి ఓర్చిన ఆ ఓడ ఆగస్టు 6న పగిలింది. సుమారు 1,000 టన్నుల చమురు సముద్రంలో కలిసింది. మరునాడు ప్రభుత్వం పర్యావరణ అత్యవసర పరిస్థితిని ప్రకటించింది.

చమురు నీటికన్నా తేలిక. అందువలన అది పైన తెట్టులా పరచుకొని, గాలి ఎటు వీస్తే అటు పోతుంది. అలా పోయి తీరంలోని మడచెట్ల వేళ్ళకు అంటుకుంది. ఆ వేళ్ళ నడుమనే చేపపిల్లలు పెరుగుతాయి. (మన పెద్దలలో ఎందరో ఓడ ఎక్కిన కోరంగి రేవు చెంత కూడా ఇటువంటి మడ అడవి ఉంది.)

ప్రజలు ఎవరి సహాయం కొరకూ ఎదురుచూడలేదు. ఎండిన చెరకు ఆకును తెచ్చి, గుడ్డ సంచులలో కూరి, పొడవైన కట్టలుగా కుట్టారు. అవి మునిగిపోకుండా ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టారు. జుట్టు చమురును పీల్చుకుంటుందని తెలిసి కొందరు తమ జుట్టునే కత్తిరించి ఇచ్చారు. చెరకు తోటలో ఆ ఆకు మోపులు మోసి బ్రతికిన మా ముత్తాతగారు, అదే ఆకు ఒకనాడు సముద్రానికి అడ్డు నిలుస్తుందని కలలోనైనా అనుకొని ఉండరు!

అయినా నిజం చెప్పుకోవాలి. చెరకు ఆకు తీరానికి వచ్చే చమురును కొంతవరకే ఆపగలదు. ఓడ కడుపులో మిగిలిన సుమారు 3,000 టన్నులను తోడడం ఆకుతో అయ్యే పని కాదు. అందుకు పంపులు, హెలికాప్టర్లు, చమురును నింపుకొనే ఓడలు, ఆ పని తెలిసిన నిపుణులు కావాలి. ఎప్పుడో ఒకసారి వచ్చే ఆపద కొరకు ఇవన్నీ సిద్ధంగా ఉంచుకోవడం పన్నెండున్నర లక్షల జనాభా గల ద్వీపానికి సాధ్యమా?

పొరుగున ఉన్న రీయూనియన్ నుండి ఫ్రాన్సు సైనిక విమానంలో సామగ్రిని పంపింది. జపాన్ నిపుణుల బృందాన్ని పంపింది. భారతదేశం నుండి 30 టన్నులకు పైగా సామగ్రితో వాయుసేన విమానం వచ్చింది. తీర రక్షక దళానికి చెందిన పదిమంది కూడా వచ్చారు. ఆ సామగ్రిలో స్కిమ్మర్లు అనే యంత్రాలు ఉన్నాయి. వాటిలో ఒక రకానికి గుండ్రని పళ్ళేలు ఉంటాయి. అవి నీటిలో తిరుగుతుంటే చమురు పళ్ళేనికి అంటుకుంటుంది, నీరు జారిపోతుంది. అంటిన చమురును ఒక రేకు గీకి తొట్టిలోకి పంపుతుంది. మీ అమ్మగారు పాలపై మీగడ తీయడం చూశారా? ఇంచుమించు అదే పని. ఆగస్టు 15న ఓడ రెండు ముక్కలైంది. అప్పటికే మిగిలిన ఇంధనాన్ని దాదాపు అంతా తోడివేశారు.

ఇక నష్టం ఎవరు భరించాలి? ఓడ జపాన్ వారిది, దానిపై జెండా పనామాది, మురికి అయిన నీరు మనది. చిన్న దేశం ఒంటరిగా అడిగితే వినేవారు తక్కువ. ఈ సంగతి గ్రహించే మాల్దీవులు, ఫిజీ, సీషెల్స్ వంటి ద్వీపదేశాలు 1990లో ఒక కూటమిగా ఏర్పడ్డాయి. మన దేశం కూడా అందులో ఉంది. 2005 జనవరిలో చిన్న ద్వీపదేశాలపై ఐక్యరాజ్యసమితి సమావేశం మన పోర్ట్ లూయిస్ లోనే జరిగింది. నేను అప్పటికే బడిలో పాఠాలు చెబుతున్నాను. హిందూ మహాసముద్రంలో సునామీ వచ్చి రెండు వారాలే అయినందున, ఆ రోజులలో అందరి నోటా సముద్రం మాటే.

ఓడల ఇంధనం చిందితే కలిగే నష్టానికి యజమాని ముందుగానే బీమా చేసి ఉండాలని 2001లో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. మాయెబూర్ ప్రాంతంలో చేపల వేట నిలిచిపోయి వలలు ఇంటిలోనే ఉండిపోయిన జాలరులు పరిహారం అడగడానికి ఆధారం ఆ కాగితమే.