ఉప్పు ఎడారి బాటలో ఉచిత బస ఎక్కడ?

సూరత్: పర్వత్ పాటియా నుంచి సొంత వ్యాన్లలో కచ్ రణ్‌కు బయలుదేరేవారికి ఖావ్డా-ధోలావీరా రహదారి కనులపండువ. సుమారు 30 కిలోమీటర్ల మేర ఇరువైపులా ఉప్పు మైదానమే. రుసుము లేకుండా అక్కడే రాత్రి గడపాలన్న కోరిక మాత్రం తీరేది కాదు. రణ్‌లో అధిక భాగం అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రహదారి దిగి లోనికి పోవాలంటే అనుమతి తప్పనిసరి. అమెరికాలో కేంద్ర ప్రభుత్వ ఎడారి భూములు పెక్కింటిలో 28 రోజులకు 14 రోజులు ఉచితంగా విడిది చేయవచ్చు. మన దేశంలో అటువంటి హక్కు లేదు.

చట్టం సంగతి అటుంచినా, నేల ఊరుకోదు. పైన పలుచని ఉప్పు పొర, అడుగున బురద. చక్రం కూరుకుపోతే అర్ధరాత్రి లాగేవారుండరు. ధోలావీరా గ్రామం చేరి, ఊరివారి సమ్మతితో గట్టినేలపై బండి నిలుపుకొనడమే క్షేమం.