ఉరుము విన్న కొండ

తెల్లవారుజామున అయిదింటికి వినుకొండ మెట్ల మొదట్లో నిలబడితే రైలు కూత వినిపిస్తుంది. గుంటూరు-నంద్యాల లైను మీద బండి ఇంకా ఎక్కడో ఉంటుంది, స్టేషనుకు రాదు. అయినా కూత చెవి పక్కనే ఊదినట్టుంటుంది. మధ్యాహ్నం అదే కూత అదే చోటు నుంచి వచ్చినా మన దాకా చేరదు. ఊళ్లో రొద పెరిగింది కదా అనుకుంటాం. సగం కారణం అదే. మిగతా సగం గాలిలో ఉంది.

ఆ గాలి సంగతి తెలుసుకోవడానికి తొలి ఏకాదశి కంటే మంచి రోజు లేదు. ఆ రోజు కొండ మీద రామలింగేశ్వరస్వామి తిరునాళ్ల. ఈ ఏకాదశి 2023లో జూన్ 29న వచ్చింది, 2024లో జులై 17న. ఎప్పుడొచ్చినా అది ఎండాకాలం పూర్తిగా పోని, వానాకాలం పూర్తిగా రాని అదను. పొద్దున మబ్బు, పదింటికి మాడ్చే ఎండ, మధ్యాహ్నం ఈదురుగాలి, సాయంత్రం ఉరుము. అన్నీ ఒక్క పగటిలోనే. ఎక్కేది పెద్ద కొండేమీ కాదు. కానీ ఎక్కేవాళ్లలో ఉపవాసం ఉన్న ముసలమ్మలుంటారు, చంకలో పిల్లలున్న తల్లులుంటారు, చెప్పులు సంచిలో వేసుకున్న రైతులుంటారు. వాళ్లకు ఇదే ఎవరెస్టు.

సీతను రావణుడు ఎత్తుకుపోయిన కబురు రాముడు ఇక్కడే విన్నాడని స్థలపురాణం. విన్న కొండ కాబట్టి విన్నకొండ, అదే వినుకొండ అయిందంటారు. పేరు సంగతి అలా ఉంచండి. ఈ కొండ మైదానం కంటే నిజంగానే ఎక్కువ వింటుంది. దానికి లెక్క కూడా ఉంది.

ముందు రైలు కూత. గాలి ఎంత వెచ్చగా ఉంటే ధ్వని అంత వేగంగా పోతుంది. డిగ్రీకి సెకనుకు సుమారు 0.6 మీటర్ల చొప్పున పెరుగుతూ, 30 డిగ్రీల దగ్గర సెకనుకు 349 మీటర్లవుతుంది. రాత్రంతా నేల చల్లారుతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లారుతుంది. ఆ పైన గాలి ఇంకా వెచ్చగానే ఉంటుంది. ధ్వని తరంగం పైభాగం వెచ్చటి గాలిలో ముందుకు ఉరుకుతుంది, కిందిభాగం చల్లటి గాలిలో వెనకబడుతుంది. ఒక పక్క ఎద్దు జోరుగా, రెండో పక్క ఎద్దు మెల్లగా లాగితే బండి ఎటు తిరుగుతుంది? మెల్లగా నడిచే ఎద్దు వైపే. అలాగే ధ్వని చల్లటి వైపుకు, అంటే కిందికి వంగుతుంది. పైకి పోవలసిన కూత కూడా వంగి మన చెవిలో పడుతుంది.

ఎండెక్కాక అంతా తలకిందులు. నల్లరేగడి కాలుతుంది, బండ కాలుతుంది, వాటిని తాకిన గాలి అన్నిటికంటే వేడెక్కుతుంది. ఇప్పుడు చల్లదనం పైన ఉంది కనుక ధ్వని పైకి వంగుతుంది. కొంత దూరం వెళ్లాక నేలను వదిలేసి మన నెత్తి మీదుగా పోతుంది. వెలుగుకు నీడ ఉన్నట్టే ధ్వనికీ నీడ ఉంది. మధ్యాహ్నం మనం ఆ నీడలో ఉంటాం.

కాలే బండ అన్నాను. ఆ బండ సామాన్యమైనది కాదు. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ ప్రాంతపు రాతికి ‘వినుకొండ గ్రానైటు’ అని ఊరి పేరే పెట్టారు. దాని వయసు ఇంచుమించు 160 కోట్ల సంవత్సరాలు. ఇన్నాళ్ల ఎండకూ వానకూ పొరలు పొరలుగా ఊడి గుండ్లుగా మిగిలింది. వట్టికాళ్లతో ఎక్కేవాళ్లకు ఆ వయసుతో పని లేదు. పదకొండు దాటితే అరికాలు ఆనించలేరు, అంతే. వేడెక్కిన బండ పక్కని గాలిని వేడి చేస్తుంది, ఆ గాలి వాలు వెంట పైకి పాకుతుంది. సగం కొండ ఎక్కేసరికి కింద నుంచి ఎవరో విసురుతున్నట్టు అనిపించేది అందుకే. గద్దలు రెక్క ఆడించకుండా అక్కడే చుట్లు తిరుగుతుంటాయి.

పైన చల్లగా ఉంటుందని అందరూ అంటారు. నూట యాభై మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత తగ్గేది ఒక డిగ్రీ, మహా అయితే డిగ్రీన్నర. చల్లదనం ఎత్తుది కాదు, చెమటది. ఆషాఢపు పడమటి గాలి నల్లమల దిగి వస్తుంది. దిగే గాలి కిలోమీటరుకు దాదాపు పది డిగ్రీలు వేడెక్కుతుంది, అలాగే పొడిబారుతుంది. అలాంటి గాలి తడి చొక్కాను తాకితే చెమట చటుక్కున ఆరిపోతుంది, ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. హాయిగానే ఉంటుంది. కానీ చెమట పోతున్నట్టు తెలియదు, ఉపవాసం వాళ్లు కళ్లు తిరిగి కూర్చునేదీ ఇక్కడే. మజ్జిగలో ఉప్పు వేసుకుంటే వ్రతం చెడుతుందో లేదో పెద్దలే చెప్పాలి. వేసుకోకపోతే మాత్రం మెట్లు దిగడం కష్టం.

మధ్యాహ్నం తూర్పు వైపు చూడాలి. సముద్రం మీది తేమ గాలి బాపట్ల వైపు నుంచి లోపలికి వస్తుంది. కొన్ని రోజుల్లో అది పడమటి గాలికి ఎదురుపడుతుంది. రెండూ ఢీకొంటే పక్కకు దారి లేక గాలి పైకి లేస్తుంది, లేచిన చోట కాలీఫ్లవర్ లాంటి మబ్బు పొంగుతుంది. గంటలో పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఆ ఎత్తులో ఈ కాలంలో గాలి తూర్పు నుంచి వీస్తుంది కనుక మబ్బు తల మన వైపు పరుచుకుంటుంది. కింద పడమటి గాలి, పైన తూర్పు మబ్బు. కొత్తవాళ్లు ఇక్కడే తికమక పడతారు.

మెరుపు గీత పొడవునా గాలి సుమారు 30 వేల డిగ్రీలకు కాగుతుంది. సూర్యుడి ఉపరితలం కంటే ఇది అయిదింతలు. కాగిన గాలి ఒక్కసారిగా విచ్చుకోవడమే ఉరుము. మెరుపు కిలోమీటర్ల పొడవుంటుంది, దగ్గరి కొస ధ్వని ముందు, దూరపు కొస ధ్వని వెనక వస్తాయి కాబట్టే దొర్లినట్టు వినిపిస్తుంది. ఇంత పెద్ద చప్పుడు కూడా పగటి మైదానంలో 25 కిలోమీటర్లు దాటి రావడం అరుదు. కారణం రైలు కూతదే. ధ్వని పైకి వంగి మన మీదుగా పోతుంది.

విన్నకొండ లెక్క ఇప్పుడు. నాలుగు కిలోమీటర్ల ఎత్తున పుట్టిన ఉరుము వంగుతూ వచ్చి నేలను తాకీ తాకనట్టు పోయే దూరం, మామూలు ఉష్ణోగ్రతలతో లెక్కగడితే, 25 కిలోమీటర్ల చుట్టుపక్కల తేలుతుంది. ఆ తరువాత అది పైకి లేస్తుంది. లేచే దారిలో, మైదానానికి 150 మీటర్ల ఎత్తున ఎవరైనా నిలబడి ఉంటే? అదే సూత్రంతో మరో అయిదు కిలోమీటర్లు కలుస్తాయి. అంటే కింద బజారులో ఉన్నవాడికి నిశ్శబ్దంగా ఉన్న ఉరుమును కొండ మీదివాడు వినగలడు. ఇది గాలి కుదురుగా ఉన్నప్పటి లెక్క. పడమటి గాలి జోరుగా ఉంటే తూర్పు ఉరుము ఎదురుగాలికి మరింత పైకి వంగి ఆలస్యంగా తెలుస్తుంది. పడమటి ఉరుము గాలివాటున ముందే వస్తుంది.

ఇక్కడో చిన్న పక్కదారి. ఈ వినుకొండలోనే 1895లో కవి గుర్రం జాషువా పుట్టాడు. కాళిదాసు మేఘాన్ని రాయబారం పంపితే, జాషువా 1941లో మేఘాన్ని పక్కన పెట్టి గబ్బిలాన్ని పంపాడు. చీకట్లో గబ్బిలం చెవులతోనే దారి చూస్తుందని గ్రిఫిన్, గలాంబోస్ అనే అమెరికా శాస్త్రవేత్తలు తమ ప్రయోగాలను వివరంగా అచ్చువేసిందీ 1941లోనే. రెండింటికీ సంబంధం లేదు. ఆ కొండ మీద ఉన్నప్పుడు గుర్తొచ్చింది, చెప్పాను.

ఉరుము విన్నామంటే దాదాపుగా పిడుగు అందుబాటులో ఉన్నట్టే. వాన పడే చోటుకు పది, పదిహేను కిలోమీటర్ల ఇవతల ఎండ కాస్తున్న చోట కూడా పిడుగు పడగలదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. దేశంలో ఏటా పిడుగులకు రెండు వేల మందికి పైగా చనిపోతున్నారు. వాళ్లలో ఎక్కువమంది చేలల్లో పనిచేసేవాళ్లు, చెట్టు కింద తలదాచుకున్నవాళ్లు. పిడుగు చెట్టు మీద పడ్డాక నేలలో పాకుతుంది. ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ కనుక జీవాలు మందలుగా పడిపోతాయి. మనుషులు పాదాలు రెండూ దగ్గరగా పెట్టుకొమ్మనేది అందుకే. కొండ మీదైతే ఇనుప కమ్మీలను వదలాలి, గుండ్ల సందుల్లో దూరకూడదు, దిగిపోవాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. ముప్పై సెకన్ల లోపు ఉరిమితే ఆలస్యం చేయకూడదు. చివరి ఉరుము తరువాత అరగంట దాకా మళ్లీ పైకి రాకూడదు.

ఒక తొలి ఏకాదశి సాయంత్రం నేనూ అలా లెక్కపెడుతున్నాను. పక్కన ఒక పెద్దాయన పేలాల పిండి పొట్లం విప్పుకుని కూర్చున్నాడు. మెరిసింది. ఇరవై ఏడు అంకెలు పడ్డాక ఉరిమింది.

‘‘ఎంత దూరం అబ్బాయ్?’’

‘‘తొమ్మిది కిలోమీటర్లు, పెద్దాయనా. శావల్యాపురం దిక్కున. పదండి, దిగుదాం.’’

‘‘మా చేను అటే. పత్తి గింజ పెట్టి పది రోజులైంది’’ అంటూ లేచాడు, నా కోసం కాదు, మబ్బు బాగా కనిపిస్తుందని.

బతిమాలి నాలుగు మెట్లు దింపేసరికి గాలి మారింది. అంతసేపు వేడిగా వీచిన పడమర ఆగి, తూర్పు నుంచి చల్లటి విసురు కొట్టింది. వానతో పాటు దిగిన గాలి నేలను తాకి ముందుకు తోసుకొచ్చేదే అది. దాని వెంట తడిమట్టి వాసన. ఆ వాసనకు 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పెట్రికోర్ అని పేరు పెట్టారు. కనౌజ్‌లో దాన్ని అంతకు ఎంతో ముందే అత్తరుగా తీసి అమ్ముతున్నారు. మళ్లీ మెరిసింది. ఈసారి పద్దెనిమిది.

‘‘ఆరు’’ అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు అడుగులు పెంచారు.

పెద్దాయన మాత్రం మెట్టు మీద ఆగిపోయాడు. ‘‘ఆరంటే మా చేను దాటి వచ్చేసినట్టేగా? కురిసి వచ్చిందా, ఊరికే వచ్చిందా? అది చెప్పదా నీ లెక్క?’’