కొరియా నాటకములందు స్వప్నము – ఒక పరిశీలన

కొరియా దేశపు రంగస్థల నాటకములందును, టెలివిజన్ ధారావాహికలందును స్వప్నము కథను నడుపు ప్రధాన సాధనములలో ఒకటి. ఆ దేశపు స్వప్నకథలు రెండు మార్గములుగా సాగినవి. రాబోవు శుభాశుభములను సూచించునది మొదటిది. సంసారస్వరూపమును తెలిపి మేల్కొలుపునది రెండవది. వీనిని క్రమముగా శకునస్వప్నము, ప్రబోధస్వప్నము అని వ్యవహరింపవచ్చును. రెండింటికిని ముఖ్యమైన ఆకరము 13వ శతాబ్దమున ఇర్యోన్ అను బౌద్ధభిక్షువు సంకలనము చేసిన 'సమ్‌గుక్ యూసా'.

శకునస్వప్నమునకు మున్‌హీ కథ ప్రసిద్ధోదాహరణము. సిల్లా సేనాని కిమ్ యూషిన్ చెల్లెండ్రలో పెద్దదైన బోహీ, తాను కొండపై చేసిన మూత్రవిసర్జనచే రాజధాని మునిగినట్లు కలగనెను. చిన్నదైన మున్‌హీ పట్టుపావడ నిచ్చి ఆ కలను కొనెను. తరువాత ఆమె కిమ్ చున్‌చుకు భార్యయై, 654లో అతడు రాజు కాగా రాణి యయ్యెను. స్వప్నఫలము చూచినవారిది కాదు, స్వీకరించినవారిది అను భావము ఇందు విశేషము. గర్భసూచక స్వప్నమును కొరియనులు 'తేమోంగ్' అందురు. దానిని తల్లియే కాక బంధువులును కనవచ్చును. మాయాదేవి కన్న శ్వేతగజ స్వప్నము ఈ కోవలోనిదే. 2017 నాటి టెలివిజన్ ధారావాహిక 'నీవు నిద్రించుచుండగా' ఈ మార్గమునకు ఆధునిక రూపము. అందు నాయిక రాబోవు విపత్తులను కలలో చూచును. వానిని తప్పించుటకు చేయు ప్రయత్నమే కథ. కల విధిలిఖితము కాక హెచ్చరికగా మారుటయే ఇచ్చటి నూతనత్వము.

ప్రబోధస్వప్నమునకు మూలము జోషిన్ కథ. జోషిన్ అను భిక్షువు ఒక అధికారి కుమార్తెపై మనసుపడి, అవలోకితేశ్వరుని వేడుకొనెను. ఆమెకు అన్యునితో వివాహము కాగా, దేవుని నిందించి ఏడ్చి నిద్రపోయెను. కలలో ఆమె అతనిని చేరెను. నలువది యేండ్లకు పైబడిన కాపురమున ఐదుగురు బిడ్డలు కలిగిరి. దారిద్ర్యముచే బిచ్చమెత్తుచు తిరుగగా, పదునైదేండ్ల బిడ్డ ఆకలిచే మరణించెను. దానిని దారిప్రక్కన పూడ్చిరి. చివరకు దంపతులు మిగిలిన బిడ్డలను చెరి ఇద్దరుగా పంచుకొని విడిపోవుచుండగా అతనికి మెలకువ వచ్చెను. తలవెంట్రుకలు నెరసియుండెను. బిడ్డను పూడ్చిన చోటు త్రవ్వి చూడగా మైత్రేయుని శిలావిగ్రహము లభించెను.

యోగవాసిష్ఠమందలి లవణోపాఖ్యానముతో దీనికి గల సాదృశ్యము గమనింపదగినది. అచ్చటను కరవు, ఆకలిగొన్న బిడ్డ, కన్న దృశ్యమును వెదకుచు పోయిన రాజునకు ఆ చోటు నిజముగనే కనబడుట కలవు. కాని అది మనశ్శక్తి నిరూపణముగా ముగియును. కొరియా కథయందు సమాధినుండి విగ్రహము వెలువడుటచే, దుఃఖానుభవమే కరుణాస్థానమగుచున్నది.

17వ శతాబ్దమున కిమ్ మాన్‌జుంగ్ రచించిన 'కూఉన్‌మోంగ్' ఈ భావమును శాస్త్రస్థాయికి చేర్చెను. సోంగ్‌జిన్ అను భిక్షువు కలలో మంత్రియై, ఎనమండుగురు భార్యలతో సుఖించి మేల్కాంచును. అది కలయని గ్రహించితినని చెప్పగా, కలను, లోకమును వేరుగా తలచుట ఇంకను మేల్కొనకపోవుటయేయని గురువు మందలించి, వజ్రచ్ఛేదికను ఉపదేశించును. ఆ సూత్రాంతమున సంస్కృతమందు తొమ్మిది ఉపమానములు కలవు. స్వప్నము వానిలో ఏడవది. కుమారజీవుని చీనానువాదమున అవి ఆరుకాగా, స్వప్నము మొదటిదయ్యెను. కొరియా బౌద్ధులు పారాయణము చేసినది ఈ అనువాదమునే. స్వప్నమునకు అచ్చట కలిగిన ప్రాధాన్యమును విచారించువారు ఈ అంశమును విస్మరింపరాదు.

ఆధునికకాలమున ఈ గ్వాంగ్‌సు జోషిన్ కథను 1947లో 'కల' అను నవలగా వ్రాసెను. దర్శకుడు షిన్ సాంగ్-ఓక్ దానిని 1955లోను, 1967లోను చలనచిత్రముగా తీసెను. 2012లో కొరియా జాతీయ నాటకసంస్థ 'సమ్‌గుక్ యూసా' కథల నాటకమాలికలో కిమ్ మ్యోంగ్-హ్వా రచించిన 'కల'ను ప్రదర్శించెను. జపాను పాలనకు సహకరించెనను నిందకు గురియైన ఈ గ్వాంగ్‌సు అందు పాత్రగా కనబడును. గతమును కలయని త్రోసివేయుట సాధ్యమా యను ప్రశ్న దీనిచే ఉదయించుచున్నది.

దీనికి సమాధానము మూలకథయందే కలదు. జోషిన్ కల తొలగినది. నెరసిన వెంట్రుకలు తిరిగి నల్లబడలేదు. స్వప్నము మిథ్యయైనను దాని ఫలము మిథ్య కాదు. శకునమార్గమునకును, ప్రబోధమార్గమునకును సమానమైన సూత్రము ఇదియే.