నిష్పత్తి పరీక్ష – నిషేధార్థ విచారము

ఒక సముదాయమున నొక ధర్మము గలవా రెంతపాలో కొందఱనే చూచి నిర్ణయింపవలసినపుడు గణకులు పరీక్ష యొకటి చేయుదురు. ముందుగా నొక నిష్పత్తిని పూర్వపక్షముగా నంగీకరింతురు. అది నిజమైనచోఁ గంటఁబడిన ఫలముగాని, అంతకంటె విపరీతమైన ఫలముగాని కలుగుట కెంత యవకాశమో లెక్కింతురు. అది మిక్కిలి యల్పమైనచోఁ బూర్వపక్షమును విడుతురు. ఇందు లెక్కకంటె, దాని ఫలమును వాక్యముగాఁ జెప్పుటయే కష్టము.

లండను నగరమున 1629 మొదలు 1710 వఱకు జ్ఞానస్నానము పొందిన శిశువుల పట్టికలను జాన్ ఆర్బత్‌నట్ అను వైద్యుఁడు పరిశీలించెను. 1629లో మగశిశువులు 5,218, ఆఁడుశిశువులు 4,683. 82 ఏండ్లలో నొక్క యేఁడైనను మగవారి సంఖ్య తగ్గలేదు. ఇరువురును సమానముగాఁ బుట్టుదు రన్నచో, ఏఁటేఁట మగవారే యధికులగుట కవకాశము సగమునకు మించదు; వరుసగా 82 ఏండ్లట్లగుట కవకాశము 25 అంకెల సంఖ్యలో నొకవంతుకు మించదు. కావున సామ్యపక్షము నిలువదు. ఇంతవఱకు వాదము నిర్దుష్టము.

ఆతఁ డంతట నాగక, ఇది యదృచ్ఛ కాదు గావున దైవసంకల్పమే యని సిద్ధాంతీకరించెను. ఇచట వ్యాకరణము మనకుఁ దోడ్పడును. నఞర్థము ద్వివిధము. పర్యుదాసమున నిషేధము వేఱొక వస్తువును బోధించును. "అనశ్వము" అనఁగా గుఱ్ఱము గాని మఱియొక జంతువు. ప్రసజ్యప్రతిషేధమున నిషేధము క్రియతో నన్వయించును; "అసూర్యంపశ్యలు" అనఁగా సూర్యునిఁ జూడనివారనియే కాని, వేఱొకదానిఁ జూచువారని కాదు. పరీక్ష చేయు నిషేధ మీ రెండవ జాతిది. "సమానము కాదు" అనునంతియే దాని యర్థము. ఎందువలన నను ప్రశ్నకు నది యుత్తర మీయదు. 18 తెల్లని ముఖములును 17 నల్లని ముఖములును గల పాచికను వేసినట్లు భావించినను నా పట్టికలు పొసఁగునని నికొలాస్ బెర్నూలీ చూపెను. అనఁగా సామ్యము తొలఁగినది గాని యదృచ్ఛ తొలఁగలేదు.

మఱియు నా యత్యల్పభాగము సామ్యపక్షము నిజమగుట కవకాశము కాదు; సామ్యము నిజమనుకొన్నచో నట్టి పట్టిక కలుగుట కవకాశము.

ఇఁక విడువఁబడని పూర్వపక్షము మాట. పది జననములలో నార్గురు మగవారైరనుకొందము. సామ్యపక్షమున నార్గురుగాని యంతకెక్కువగాని యగుట కవకాశము 1,024కు 386, అనఁగా వందకు సుమారు 38. ఆ పక్షమును విడుచుట కిది చాలదు. కాని 18, 17 పాళ్ల పక్షమును నట్లే నిలుచును. రెండు విరుద్ధపక్షములను గాదనలేని సాక్ష్యము వానిలో నేదానిని సాధించును?

కావున "విడుచుటకుఁ దగిన సాక్ష్యము కలదు" అనియో, "ఈ సాక్ష్యము చాలదు" అనియో వ్రాయుట న్యాయ్యము. "సమానమని తేలెను" అని వ్రాయుట, భేదము కనఁబడకుండుటను భేదము లేకుండుటగాఁ జెప్పుటయే యగును.