వార్తల్లో పదం: లాస్పేయర్స్ సూచీ

పోర్టు ఉద్యోగులకో, ఉక్కు కర్మాగారం వాళ్లకో డీఏ మారిందన్న వార్త వెనక ఒక జర్మన్ ప్రొఫెసర్ లెక్క ఉంటుంది. హాంబర్గ్ రేవు సరుకుల ధరలను తవ్విపోసిన ఎటియన్ లాస్పేయర్స్ 1871లో దీన్ని ప్రతిపాదించారు. సరుకుల పరిమాణం కదపకుండా ధరలు మాత్రమే మార్చి చూడటం ఇందులో కిటుకు.

తగరపువలస బజారులో ఒక కుటుంబం మూల సంవత్సరంలో కిలో 40 రూపాయల బియ్యం 25 కిలోలు, లీటరు 100 రూపాయల నూనె 2 లీటర్లు కొన్నదనుకుందాం. ఖర్చు 1,200. ఇప్పుడు బియ్యం 50, నూనె 150 అయితే అవే సరుకులకు 1,550. అంటే 100 ఉన్న సూచీ 129 అయింది.

నూనె మండిపోతే ఏ ఇల్లాలైనా పోపు తగ్గిస్తుంది. లాస్పేయర్స్ సూత్రానికి ఆ సంగతి పట్టదు. పెరుగుదలను కాస్త ఎక్కువే చూపిస్తుంది. ఇప్పటి పరిమాణాలతో లెక్కగట్టే పద్ధతిని 1874లో మరో జర్మన్, హెర్మన్ పాషే చెప్పారు. కానీ నెలనెలా ఇంటింటి కొనుగోళ్లు ఎవరు లెక్కపెడతారు? అందుకే పాతదే నిలిచింది.

డీఏ కదిలేది పారిశ్రామిక కార్మికుల ధరల సూచీని బట్టే. ఇదే సూత్రంతో లెక్కగట్టే ఆ సూచీకి మన లేబర్ బ్యూరో 88 కేంద్రాల్లో ధరలు సేకరిస్తుంది. విశాఖ అందులో ఒకటి. 2001 మూల సంవత్సరంగా ఉన్నప్పుడు సూచీలో ఆహార, పానీయాల వాటా 46.2 శాతం, 2016కు మారాక 39.17. డీఏ వార్త చదివేటప్పుడు మూల సంవత్సరం ఏదో కూడా చూడండి.